టర్బో స్పోర్ట్స్ కారుకు ఏ ఇంజిన్ ఆయిల్ పోయాలి?

ఆయిల్ కొనేటప్పుడు అందరి కళ్లూ ముందు పడేది డబ్బా మీద పెద్దగా ముద్రించిన 5డబ్ల్యూ-30, 0డబ్ల్యూ-40 లాంటి అంకెల మీదే. నెమ్మదిగా తిరిగే మామూలు కారుకు ఆ అంకెలతో పని జరిగిపోతుంది. టర్బో అంటే ఇంజిన్ పొగ బలంతో తిరిగి, సిలిండర్లలోకి గాలిని గట్టిగా నెట్టే పరికరం. టర్బో ఇంజిన్‌ను గట్టిగా తోలేవాళ్లకు అవి చాలవు. 5డబ్ల్యూ-30 అని రాసిన రెండు డబ్బాలు తీసుకోండి. బాగా కాగినప్పుడు ఒకదాని బలం 2.9 దగ్గర ఉండొచ్చు, మరోదాని బలం 3.5 దాటొచ్చు. రెండింటి మీదా ముద్ర ఒకటే. టర్బో బేరింగుకు మాత్రం ఆ తేడా బాగా తెలుస్తుంది. ఆ 2.9, 3.5 ఏమిటో, ఎక్కడ చూడాలో తెలిస్తే ఎంపిక సగం అయిపోయినట్టే.

టర్బోలో ఆయిల్‌కు ఎదురయ్యేవి

టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్షన్నర, రెండు లక్షల చుట్లు తిరుగుతుంది. చిన్న టర్బోలైతే ఇంకా ఎక్కువే. షాఫ్టుకు ఒక చివర ఉన్న టర్బైన్ చక్రాన్ని తాకే పొగ, పెట్రోల్ ఇంజిన్లలో 950 డిగ్రీల సెల్సియస్ దాకా, కొన్నిటిలో ఆ పైకి కూడా వెళుతుంది. దానికి కొద్ది సెంటీమీటర్ల దూరంలోనే బేరింగ్ ఉంటుంది. జర్నల్ రకం బేరింగులో షాఫ్ట్ నేరుగా లోహం మీద కూర్చోదు, వెంట్రుకకన్నా సన్నని ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. షాఫ్టును తేల్చడంతో పాటు అక్కడి వేడిని మోసుకుపోవడం కూడా ఆ ఆయిల్ పనే.

ఇంజిన్ నడుస్తున్నంతసేపూ కొత్త ఆయిల్ వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి ఇబ్బంది తక్కువ. గట్టిగా తోలి వచ్చి వెంటనే ఆపేస్తేనే చిక్కు. ప్రవాహం ఆగిపోతుంది, టర్బైన్ వైపు వేడి బేరింగులోకి పాకుతుంది, అక్కడ మిగిలిన ఆయిల్ మాడి బొగ్గులా గట్టిపడుతుంది. ఆ మాడు పొర మీద పొర పేరుకుని ఆయిల్ వచ్చే సన్నని దారిని మూసేస్తుంది. సుబారు ఈజే టర్బో ఇంజిన్లలో టర్బోకు ఆయిల్ ఇచ్చే బాంజో బోల్టులో చిన్న జల్లెడ ఉంటుంది. మురికి ఆయిల్ వల్ల అది పూడుకుపోయి టర్బోలు పోవడం ఆ కార్ల మెకానిక్‌లకు బాగా తెలిసిన సంగతే. ఇప్పటి టర్బోల్లో చాలావాటికి బేరింగ్ చుట్టూ నీళ్లు తిరిగే ఏర్పాటు ఉంది. కొన్ని కార్లలో ఇంజిన్ ఆపిన తర్వాత కూడా కరెంటు పంపు ఆ నీళ్లను కాసేపు తిప్పుతూనే ఉంటుంది. దానివల్ల ప్రమాదం తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు.

రెండో బెడద పెట్రోల్ కలవడం. నేరుగా సిలిండర్లోకి పెట్రోల్ చిమ్మే (డైరెక్ట్ ఇంజెక్షన్) ఇంజిన్లలో కొంత పెట్రోల్ సిలిండర్ గోడల మీద పడి, రింగులు దాటి ఆయిల్లోకి జారుతుంది. చల్లటి వాతావరణంలో, చిన్న దూరాలకు మాత్రమే తిప్పే కార్లలో ఇది మరీ ఎక్కువ. పెట్రోల్ 4, 5 శాతం కలిసిందంటే 30 గ్రేడ్ ఆయిల్ 20 గ్రేడ్ హద్దుల్లోకి జారిపోవచ్చు. అంటే డబ్బాలోంచి మీరు పోసింది ఒకటి, నెలలు గడిచాక సంపులో, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, ఉన్నది ఇంకొకటి.

మూడోది, తక్కువ ఆర్‌పీఎంలో స్పార్కు కన్నా ముందే మిశ్రమం అంటుకోవడం. దీన్ని ఎల్‌ఎస్‌పీఐ అంటారు. పిస్టన్ పై రింగు దగ్గరి సందులో చేరిన ఆయిల్, పెట్రోల్ కలిసిన చుక్కలు ఎగిరి వచ్చి, ప్లగ్ వెలగకముందే మంట పుట్టిస్తాయి. సుమారు 1,500 నుంచి 2,500 ఆర్‌పీఎం మధ్య, పై గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఇది ఎక్కువగా వస్తుంది. మామూలు నాకింగ్‌కూ దీనికీ పోలిక లేదు. ఒక్క దెబ్బకే పిస్టన్ రింగుల మధ్య గట్టు విరగొచ్చు. ఆయిల్లో శుభ్రపరిచే రసాయనంగా వేసే కాల్షియం ఎక్కువైతే ఈ ముప్పు పెరుగుతుందని తేలాక, తయారీదారులు కాల్షియం తగ్గించి కొంత మెగ్నీషియం వాడటం మొదలుపెట్టారు. 2018లో వచ్చిన ఏపీఐ ఎస్‌ఎన్ ప్లస్, 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ ప్రమాణాల్లో దీనికి ప్రత్యేక పరీక్ష ఉంది. ఏపీఐ అంటే అమెరికా పెట్రోలియం సంస్థ.

అంకెలు ఏం చెబుతాయి

ఎస్‌ఏఈ జే300 అనే పట్టిక ప్రకారం ఈ గ్రేడ్లు నిర్ణయిస్తారు. డబ్ల్యూకు ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. 5డబ్ల్యూను మైనస్ 30 డిగ్రీల దగ్గర, 0డబ్ల్యూను మైనస్ 35 దగ్గర పరీక్షిస్తారు. 0డబ్ల్యూ అంటే వేడిలో కూడా పల్చన అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. కాగిన తర్వాత 0డబ్ల్యూ-40, 5డబ్ల్యూ-40 రెండూ 40 గ్రేడే.

డబ్ల్యూ తర్వాతి అంకె 100 డిగ్రీల దగ్గర చిక్కదనం. 20 గ్రేడుకు 6.9 నుంచి 9.3 సెంటిస్టోకుల లోపు, 30కి 9.3 నుంచి 12.5 లోపు, 40కి 12.5 నుంచి 16.3 లోపు, 50కి 16.3 నుంచి 21.9 లోపు ఉండాలి. ఒక్కో గ్రేడులో ఎంత వెడల్పు ఉందో చూడండి. 12.4 ఉన్న 30 గ్రేడూ, 12.6 ఉన్న 40 గ్రేడూ దాదాపు కవలలు. 9.4 ఉన్న 30 గ్రేడ్ వాటికి దూరపు చుట్టం.

అందుకే చూడాల్సిన అసలు అంకె హెచ్‌టీహెచ్‌ఎస్. ఆయిల్‌ను 150 డిగ్రీలకు కాచి, బేరింగులో నలిగినంత గట్టిగా నలుపుతూ కొలిచే చిక్కదనం ఇది. దీని యూనిట్ సెంటీపాయిజ్. 20 గ్రేడుకు కనీసం 2.6, 30కి 2.9, 0డబ్ల్యూ-40, 5డబ్ల్యూ-40, 10డబ్ల్యూ-40లకు 3.5, 50కి 3.7 ఉండాలి. మొదట్లో చెప్పిన 2.9, 3.5 ఇవే. యూరప్ ప్రమాణాలైన ఏసీఈఏలో ఏ3/బీ4, సీ3 అని రాసి ఉంటే హెచ్‌టీహెచ్‌ఎస్ 3.5 లేదా అంతకన్నా ఎక్కువ అని అర్థం, అది 30 గ్రేడ్ అయినా సరే. ఏ5/బీ5 అంటే 2.9 నుంచి 3.5 మధ్య. సీ5 అంటే 2.6 నుంచి 2.9 మధ్య.

ఎంచుకునే పద్ధతి

మొదట ఓనర్స్ మ్యాన్యువల్ తెరిచి మూడు విషయాలు కాగితం మీద రాసుకోండి: ఏ గ్రేడ్, ఏ కంపెనీ అప్రూవల్ నంబర్, ఫిల్టర్‌తో కలిపి ఎన్ని లీటర్లు. గ్రేడ్ కన్నా అప్రూవల్ నంబర్ ముఖ్యం. పోర్షే ఏ40, బీఎండబ్ల్యూ లాంగ్‌లైఫ్-01, మెర్సిడెస్ 229.5, ఫోక్స్‌వాగన్ 502 00 లాంటివి అప్రూవల్స్. వీటి వెనక ఆయా కంపెనీలు సొంత ఇంజిన్ల మీద చేయించిన పరీక్షలు ఉంటాయి. ఉదాహరణకు మెర్సిడెస్ 229.5లో ఆయిల్ ఆవిరయ్యే శాతం 10 మించకూడదు. ఏపీఐ మామూలుగా ఒప్పుకునేది 15 శాతం దాకా.

ఇక్కడ డబ్బా వెనకవైపు భాషను జాగ్రత్తగా చదవాలి. ‘అప్రూవ్డ్’ అంటే కార్ల కంపెనీ పరీక్షించి ఒప్పుకుంది. ‘సూటబుల్ ఫర్’, ‘రికమండెడ్ ఫర్’, ‘మీట్స్’ అంటే ఆయిల్ అమ్మేవాళ్లు తమంతట తాము చెప్పుకుంటున్న మాట. ఆ మాట అబద్ధమే కానక్కర్లేదు కానీ, దానికి పూచీ పడేవాళ్లు వేరు. వారంటీలో ఉన్న కారుకు అప్రూవ్డ్ ఆయిల్ తప్ప మరొకటి పోయకండి, బిల్లులు కూడా దాచండి.

తర్వాత ఎగ్జాస్టులో మసిని పట్టే పార్టిక్యులేట్ ఫిల్టర్ ఉందేమో చూడండి. కొత్త యూరప్ టర్బో పెట్రోల్ కార్లలో చాలావాటికి ఉంది. ఆయిల్ కాలితే మిగిలే బూడిద ఆ ఫిల్టర్‌లో చిక్కుకుంటే మళ్లీ కాలిపోదు, అక్కడే ఉండిపోతుంది. అలాంటి కారుకు బూడిద తక్కువ ఉండే సీ వర్గం ఆయిల్ కావాలి. సీ3లో బూడిద 0.8 శాతం మించదు, ఏ3/బీ4లో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఫిల్టర్ లేని పాత టర్బో కారుకు ఏ3/బీ4 హాయిగా వాడొచ్చు. ఆమ్లాలను తట్టుకునే నిల్వ, అంటే టీబీఎన్, అందులో కనీసం 10 ఉంటుంది. సీ3కి కనీసం 6 చాలు.

ఎల్‌ఎస్‌పీఐ విషయంలో ఒక మెలిక ఉంది. ఏ3/బీ4 ప్రమాణంలో ఈ పరీక్ష లేదు. కాబట్టి డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోకు 5డబ్ల్యూ-40 ఏ3/బీ4 కొంటుంటే, అదే డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ కూడా ఉందో లేదో వెతకండి. ఏసీఈఏ 2021లో చేర్చిన ఏ7/బీ7, సీ6 వర్గాల్లో మాత్రం ఈ పరీక్షతో పాటు టర్బో కంప్రెసర్‌లో పేరుకునే మడ్డికి, టైమింగ్ చెయిన్ అరుగుదలకు కూడా పరీక్షలు ఉన్నాయి.

ఇక మీ ఆయిల్ నిజంగా ఎంత కాగుతోందో కొలవండి. ఊహ మీద గ్రేడ్ మార్చొద్దు. చాలా స్పోర్ట్స్ కార్లలో డ్యాష్‌బోర్డులోనే ఆయిల్ టెంపరేచర్ కనిపిస్తుంది. లేకపోతే కారు కంప్యూటర్ అంకెలు చదివే ఓబీడీ రీడర్ పెట్టి చూడొచ్చు, అయితే కొన్ని కార్లు సెన్సర్ లేకుండా లెక్కగట్టిన అంకెనే చూపిస్తాయి. నమ్మకంగా కావాలంటే ఫిల్టర్ దగ్గర, దానికీ ఇంజిన్‌కూ మధ్య శాండ్‌విచ్ ప్లేటు వేసి సెన్సర్ బిగించడమే మార్గం. రోడ్డు మీద 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఉంటే కంపెనీ చెప్పిన ఆయిలే సరైనది, చిక్కగా మార్చడానికి కారణం లేదు. ట్రాక్ మీద 120 దాటి 130 దాకా పోతుంటే హెచ్‌టీహెచ్‌ఎస్ 3.5 పైన ఉన్న ఆయిల్ కావాలి. 135 దాటి అక్కడే నిలబడుతుంటే ఆయిల్ మార్చి ప్రయోజనం లేదు. వేగం తగ్గించి చల్లబరచండి, తర్వాత ఆయిల్ కూలర్ సంగతి చూడండి. కూలర్ చేయాల్సిన పనిని చిక్కటి ఆయిల్ చేయలేదు. పైగా చిక్కటి ఆయిల్ తనలో తాను రాసుకుని ఇంకాస్త వేడి పుట్టిస్తుంది.

చివరగా మిగిలిన రెండు మూడు ఆయిళ్ల డేటా షీట్లు తెరిచి పక్కపక్కన పెట్టండి. హెచ్‌టీహెచ్‌ఎస్, నోయాక్ అంటే 250 డిగ్రీల దగ్గర గంటలో ఆవిరయ్యే శాతం, టీబీఎన్, 100 డిగ్రీల చిక్కదనం: ఈ నాలుగు చాలు. నోయాక్ 10 లోపు ఉంటే టర్బోకు మంచిది. ఆవిరైన ఆయిల్ ఇన్‌టేక్ వాల్వుల మీద, ఇంటర్‌కూలర్‌లో చేరుతుంది, మిగిలినది చిక్కబడుతుంది. డేటా షీట్లో హెచ్‌టీహెచ్‌ఎస్ అంకె లేని ఆయిల్‌ను గట్టిగా తోలే టర్బోకు వాడకపోవడమే మేలు. ఫ్లాష్ పాయింట్ (ఆయిల్ ఆవిరి అంటుకునే వేడి), పోర్ పాయింట్ (ఆయిల్ పారడం ఆగే చలి) చూసి తలనొప్పి తెచ్చుకోవద్దు.

‘ఫుల్లీ సింథటిక్’ అన్న మాటకు పెద్ద విలువ ఇవ్వకండి. బాగా శుద్ధిచేసిన గ్రూప్ 3 ఖనిజ నూనెనూ ఆ పేరుతోనే అమ్మే చోట్లు ఉన్నాయి, గ్రూప్ 4 అంటే పీఏఓనూ ఆ పేరుతోనే అమ్ముతారు. గ్రూప్ 3తో చేసిన ఆయిళ్లలో కూడా కష్టమైన అప్రూవల్స్ గెలిచినవి ఉన్నాయి. గెలిచిన పరీక్షలు చూడండి.

ఒక గ్రేడ్ పైకి వెళ్లడం

కంపెనీ 0డబ్ల్యూ-20 చెబితే 5డబ్ల్యూ-30కి, 5డబ్ల్యూ-30 చెబితే 0డబ్ల్యూ-40 లేదా 5డబ్ల్యూ-40కి వెళ్లడం ట్రాక్ వాడకానికి చాలాసార్లు సబబే. మైలేజ్ నిబంధనల కోసం కూడా కంపెనీలు పల్చటి ఆయిల్ చెబుతాయి కాబట్టి, అదే ఇంజిన్‌కు వేరే దేశాల మ్యాన్యువల్లో ఏ గ్రేడ్లు ఒప్పుకున్నారో చూస్తే సంగతి తెలుస్తుంది. పెట్రోల్ ఎక్కువ కలిసే ఇంజిన్‌కు కూడా ఒక మెట్టు పైకి వెళ్లడం మంచి రక్షణ.

రెండు మూడు మెట్లు ఎక్కడం మాత్రం వేరే కథ. 20 గ్రేడ్ ఇంజిన్లో 50 పోస్తే చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఒత్తిడి పెరిగి రిలీఫ్ వాల్వ్ తెరుచుకుంటుంది, కొంత ఆయిల్ బేరింగులకు చేరకుండానే వెనక్కి తిరిగిపోతుంది. వాల్వ్ టైమింగ్ మార్చే యంత్రాంగం ఆయిల్ ఒత్తిడితోనే నడుస్తుంది కాబట్టి అది మందగించి ఎర్రర్ కోడ్ రావచ్చు. గేజీలో ఒత్తిడి ఎక్కువ కనిపించినంత మాత్రాన ఆయిల్ ఎక్కువ పారుతోందని కాదు. చిక్కటి ఆయిల్ తక్కువ పారుతూనే ఎక్కువ ఒత్తిడి చూపిస్తుంది. కాగిన ఇంజిన్లో ప్రతి 1,000 ఆర్‌పీఎంకు సుమారు 10 పీఎస్‌ఐ అన్నది మెకానిక్‌ల పాత లెక్క. దాన్ని అంచనాగానే వాడండి. మీ ఇంజిన్ సర్వీస్ మ్యాన్యువల్లో ఉన్నదే అసలు హద్దు.

10డబ్ల్యూ-60 లాంటి వెడల్పు గ్రేడ్లను ప్రత్యేకంగా ఆ ఇంజిన్‌కు చెప్పి ఉంటేనే వాడాలి. అంత వెడల్పు రావాలంటే చిక్కదనం నిలిపే పాలిమర్లు ఎక్కువ వేయాలి. గట్టిగా తోలే కొద్దీ అవి నలిగి తునకలై, ఆయిల్ గ్రేడ్ కిందికి జారుతుంది.

విడిగా అమ్మే ఆయిల్ అడిటివ్‌లు, ఇంజిన్ ఫ్లష్ సీసాలు టర్బో దగ్గరికి రానివ్వకండి. ఆయిల్లోని రసాయనాల పొందిక చాలా కొలతగా చేసినది. అందులో ఇంకొకటి కలిపితే ఎల్‌ఎస్‌పీఐ పరీక్ష నెగ్గిన ఆయిల్ ఇక ఆ ఆయిల్ కాదు. ఫ్లష్ వల్ల ఊడిన మడ్డి ముక్క నేరుగా పోయి ఇరుక్కునేది టర్బోకు ఆయిల్ ఇచ్చే సన్నని దారిలోనే.

మార్చేటప్పుడు

ఇంజిన్‌ను పది నిమిషాలు నడిపి గోరువెచ్చగా చేయండి. మరీ కాగి ఉంటే చేతులు కాలతాయి, చల్లగా ఉంటే మురికి అడుగునే ఉండిపోతుంది. కారును స్టాండ్ల మీద సమంగా నిలపండి, జాకీని నమ్ముకుని కిందకు దూరవద్దు. డ్రెయిన్ ప్లగ్ తీసి 15 నిమిషాలు కారనివ్వండి. ప్లగ్ వాషర్ ప్రతిసారీ కొత్తదే వేసి, మ్యాన్యువల్లో చెప్పిన టార్కుతో బిగించండి. అల్యూమినియం సంపు మరలు అతి బిగువుకు ఇట్టే పోతాయి.

పాత ఫిల్టర్ తీశాక దాని రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోయిందేమో చేత్తో తడిమి చూడండి. రెండు రింగులు ఒకదానిమీద ఒకటి పడితే, స్టార్ట్ చేసిన క్షణాల్లో ఆయిల్ అంతా బయటికి చిమ్ముతుంది. కొత్త రింగుకు కొద్దిగా ఆయిల్ రాసి, స్పిన్-ఆన్ ఫిల్టర్ అయితే రింగు ఆనిన తర్వాత చేత్తో మరో ముప్పావు చుట్టు తిప్పండి. ఫిల్టర్ మీదే వేరే కొలత రాసి ఉంటే దాన్నే పాటించండి.

చెప్పిన కొలతకన్నా అర లీటరు తగ్గించి పోయండి. స్టార్ట్ చేసి ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచండి. ఆయిల్ దీపం ఆరిందా, కింద చుక్క పడుతోందా చూడండి. ఆపి పది నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ చూస్తూ మిగిలింది కొంచెం కొంచెంగా కలపండి. డ్రై సంపు ఉన్న, అంటే ఆయిల్ వేరే ట్యాంకులో ఉండే కార్లకు ఈ పద్ధతి చెల్లదు. వాటిలో చాలావాటికి ఆయిల్ కాగి, ఇంజిన్ నడుస్తుండగానే మట్టం చూడాలి.

మట్టం గరిష్ఠ గీత దాటకూడదు. ఎక్కువైతే క్రాంక్ షాఫ్ట్ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, నురగ బేరింగును మోయలేదు. ఆవిరి రూపంలో ఇన్‌టేక్‌లోకి పోయిన ఆయిల్ పెట్రోల్ ఆక్టేన్‌ను దిగ్గొట్టి నాకింగ్ తెస్తుంది. అలాగని కనిష్ఠం దగ్గరా ఉంచొద్దు. ట్రాక్ మీద పొడవాటి మలుపులో ఆయిల్ ఒక పక్కకు ఒరిగితే పంపు గాలి పీలుస్తుంది. గరిష్ఠ గీతను తాకీ తాకనట్టు ఉంచడమే సరైన చోటు.

ఎప్పుడు మార్చాలి

కంపెనీలు 15,000 కిలోమీటర్లు లేదా ఏడాది అని చెప్పినా, గట్టిగా తోలే డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోకు 8,000 కిలోమీటర్లు లేదా ఆరు నెలలు సరైన గడువు. ట్యూనింగ్ చేయించి బూస్ట్, అంటే టర్బో నెట్టే గాలి ఒత్తిడి, పెంచిన కారుకు, ఎక్కువ ఇథనాల్ కలిపిన ఈ85 ఇంధనం వాడే కారుకు 5,000 చాలు. ట్రాక్ మీద రెండు మూడు రోజులు నడిపాక కిలోమీటర్లు లెక్కపెట్టకుండా మార్చేయండి.

గడువును అంచనాకు వదలకుండా తేల్చుకోవాలంటే ఆయిల్ పరీక్ష చేయించండి. డ్రెయిన్ చేసేటప్పుడు మొదటి ధార వదిలేసి, మధ్య ధార నుంచి శుభ్రమైన సీసాలో పట్టండి. రిపోర్టులో పెట్రోల్ శాతం 2 దాటితే గమనించండి, 5కి చేరితే గడువు తగ్గించి, ఇంజెక్టర్లు కూడా చూపించండి. పెట్రోల్ శాతాన్ని గ్యాస్ క్రొమటోగ్రఫీతో కొలిచారా, ఫ్లాష్ పాయింట్ బట్టి అంచనా వేశారా అని ల్యాబును అడగండి. రెండో పద్ధతి అసలు మోతాదును తక్కువ చేసి చూపించొచ్చు. రిపోర్టు లేకున్నా ఒక గుర్తు ఉంది: ఆయిల్ పోయకుండానే డిప్‌స్టిక్ మీద మట్టం పెరుగుతూ, వాసన చూస్తే పెట్రోల్ కొడుతుంటే ఆ ఆయిల్ పని అయిపోయింది.

ఎంత మంచి ఆయిల్ పోసినా, అది 80 డిగ్రీలు దాటేదాకా బూస్ట్ అడగకండి. నీళ్ల ముల్లు మధ్యకు వచ్చిన తర్వాత కూడా ఆయిల్ కాగడానికి ఇంకా కొన్ని నిమిషాలు పడుతుంది. గట్టిగా తోలిన రోజున చివరి రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా రండి. నిలబెట్టి ఐడిల్‌లో ఉంచడం కన్నా ఇది మేలు, ఎందుకంటే రేడియేటర్‌కు, కూలర్‌కు గాలి తగులుతూ ఉంటుంది.

టర్బో కొత్తది బిగించినప్పుడు

పాత టర్బో పోయిందంటే దాని లోహపు పొడి ఆయిల్లో కలిసే ఉంటుంది. ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చకుండా కొత్త టర్బో బిగించొద్దు. ఆయిల్ వచ్చే పైపును శుభ్రం చేయడంతో సరిపెట్టకుండా కొత్తది వేయండి, లోపల మాడు ఉంటే కంటికి కనిపించదు. బాల్ బేరింగ్ టర్బోలకు ఆయిల్ ఒత్తిడి ఎక్కువైతే సీళ్లు దాటి కారుతుంది కాబట్టి, తయారీదారు చెప్పినచోట ఆయిల్ దారిని సన్నగా చేసే రిస్ట్రిక్టర్ పెట్టాలి. జర్నల్ బేరింగుకు మామూలుగా అది అవసరం లేదు. తిరుగు పైపు వెడల్పుగా, మెలికలు లేకుండా, సంపులోని ఆయిల్ మట్టానికి పైనే కలవాలి. అందులో ఆయిల్ దిగేది దాని బరువుతోనే.

బిగించాక టర్బో ఆయిల్ రంధ్రంలో అదే గ్రేడ్ ఆయిల్ పోసి, కంప్రెసర్ చక్రాన్ని వేలితో మెల్లగా నాలుగైదు చుట్లు తిప్పండి. ఇంధన పంపు ఫ్యూజు తీసేసి, పది సెకన్ల చొప్పున, మధ్యలో స్టార్టర్‌కు విరామం ఇస్తూ ఆయిల్ ఒత్తిడి వచ్చేదాకా క్రాంక్ చేయండి. ఫ్యూజు పెట్టి స్టార్ట్ చేశాక రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లోనే ఉంచి, పైపుల కీళ్ల దగ్గర తడి ఉందేమో చూడండి. మొదటి 500 కిలోమీటర్ల తర్వాత ఆయిల్, ఫిల్టర్ ఇంకోసారి మార్చి, పాత ఫిల్టర్‌ను కోసి మడతల్లో మెరిసే పొడి ఉందేమో అయస్కాంతంతో సహా చూడండి. అయస్కాంతానికి అంటుకుంటే ఉక్కు. అంటుకోకుండా ఇత్తడి రంగులో మెరిస్తే అది బేరింగ్ లోహం. అప్పుడు ఇంజిన్ బేరింగులను కూడా తీయించి చూపించాలి.